తోరణం పోయింది, మేక మిగిలింది

ఫొటో వచ్చిందా లేదా అనే తప్ప, బాగా వచ్చిందా అని ఎవరూ అడగని రోజులవి. రీలు కడిగించి తెచ్చినవాడి ముఖం చూశాక ఎంతటి కఠినాత్ముడైనా "బ్రహ్మాండం" అనేసేవాడు. (మా బావ తీసిన ఫొటోలో పెళ్లికొడుకుకు తల లేకపోతే, "సూటు మంచిగొచ్చింది" అన్నవాళ్లున్నారు.) అలాంటి కాలంలో హనుమకొండ మొత్తానికి నిజం చెప్పే మనిషి ఒక్కడే, బట్టల దుకాణం కత్తెరన్న. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన దుకాణం మీది గదిలో, బట్టల తానుల మధ్య, ఫొటో పిచ్చి ఉన్న ఐదారుగురం చేరేవాళ్లం. అక్కడ ఒకటే నియమం: కింది నుంచి చాయ్ వచ్చేదాకా ఫొటో తీసినవాడు నోరు తెరవకూడదు. కత్తెరన్న దగ్గర అంగీల డబ్బా అట్టతో, వడ్రంగి మూలమట్టం ఆకారంలో కోసిన రెండు ముక్కలుండేవి. వాటిని ఫొటో మీద అటూ ఇటూ జరుపుతూ ఏది ఉంచాలో, ఏది కోయాలో తీర్పు చెప్పేవాడు.

ఆ ఏడు హైదరాబాదులో జరిగే ఒక పోటీకి మాలోంచి ఒక్క ఫొటో పంపుదామనుకున్నాం. అది నాదేనని నేను ఇంట్లో ముందే ప్రకటించేశాను. మా మేనత్త, అంటే అత్తమ్మ, వాడకట్టు మొత్తానికి చెప్పేసింది. ఫొటోలో ఓరుగల్లు కోట రాతి తోరణం, వెనక దూదేకినట్టు మబ్బులు. ఇంటిల్లిపాదీ కోటకు వెళ్లినప్పుడు తీసింది కనుక ఒక మూలన అత్తమ్మ కూడా పడింది. బండ మీదికెక్కి మా పూరీలు తింటున్న మేక మీదికి చెప్పెత్తి నిలబడింది. పోనీలే, అంత అందానికి ఆ మాత్రం దిష్టిచుక్క ఉండాలనుకున్నాను.

కత్తెరన్న చాలాసేపు చూశాడు. "కమాను మస్తున్నది తమ్మీ," అన్నాడు. నా ఛాతీ ఉబ్బింది. "గని అది కాకతీయులు కట్టిండ్రు. దీంట్ల నువ్వు చేసిందేంది?"

అట్టముక్కలు కదిలాయి. మొదట మబ్బులు పోయాయి, తర్వాత ఒక స్తంభం, ఆ తర్వాత తోరణానికి తోరణమే పోయింది. చివరికి అత్తమ్మ, మేక మిగిలారు.

"ఇగో, గిది నీ ఫొటో. మీ అత్తమ్మ చెప్పెత్తింది గని నవ్వుతాంది సూడు. మేక జర్రంత సుత భయపడ్తలేదు. కొట్టదని దానికెరుక."

నేను నోరు తెరవకూడదు కదా, పళ్లు నూరాను. ఆ పూట చాయ్ ఎంతకీ రాలేదు.

కోస్తేనే పంపుదామని అందరూ అనడంతో, ఏడవలేక నవ్వి, ఆ ముక్కనే పెద్దది చేయించాను. ఇంట్లో అత్తమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. "నా కాళ్లేడ పాయె బిడ్డా? కొత్త పట్టగొలుసులు ఏసుకుంటి. గా మేకకైతే నాలుగు కాళ్లు పెట్టినవ్!" బహుమతి మాత్రం రాలేదు. తోరణం ఉంటే వచ్చేదని నెలల తరబడి కనిపించినవాడికల్లా చెప్పాను.

కొన్నాళ్లకు కత్తెరన్న మొదటిసారి తాను తీసిన ఫొటో తెచ్చాడు. దుకాణం ముందు వాళ్ల బలగమంతా నిలబడి ఉంది. నేను అందరికంటే ముందు అట్టముక్కలు అందుకున్నాను. కుడివైపు చివర ఒక పెద్దమనిషి ఎటో చూస్తున్నాడు. ముక్కను ఆయన మీదికి జరిపానో లేదో, కత్తెరన్న కెవ్వుమన్నాడు.

"ఆగు తమ్మీ, ఆయన మా పెద్దబావ! కోస్తే మా గడప తొక్కడు!"

"అన్నా, చాయ్ రాలె!" అని అందరం ఒక్కసారే అరిచాం. ఆయన నోరు మూసుకుని ముసిముసిగా నవ్వాడు. నా కోపం కూడా అక్కడితోనే పోయింది.

ఆ అత్తమ్మ ఫొటో ఇప్పుడు మా ముందుగదిలో ఉంది. తోరణం ఎక్కడికీ పోలేదు, ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు ఆటో ఎక్కి వెళ్లి చూడొచ్చు. అత్తమ్మను చూడాలంటే మాత్రం ఈ గోడ దగ్గరికే రావాలి. కత్తెరన్న చెప్పిందే నిజమని రోజూ ఒప్పుకుంటాను. కాకపోతే పండగపూట దండం పెట్టుకుందామని నిలబడితే, నవ్వుతున్న ముఖమూ ఎత్తిన చెప్పూ కనిపిస్తాయి గానీ మొక్కడానికి కాళ్లు కనిపించవు. అత్తమ్మ చెప్పింది కూడా నిజమే.