పేరు పెట్టి పిలవని మనిషి

ఆ భవనంలో కుక్కలను తిప్పి తీసుకురావడం అతని పని. ఆరంతస్తుల్లో ఏడు కుక్కలు. ఒక్కదాన్నీ పేరు పెట్టి పిలిచేవాడు కాదు. "నల్లది దగ్గుతోందమ్మా", "తెల్లది సరిగ్గా తినట్లేదు" అనేవాడు. నాలుగో అంతస్తు లాయరమ్మకు ఆ మాట వింటే ఒళ్ళు మంట.

"నా బిడ్డని పట్టుకుని తెల్లది అంటావేంటయ్యా? నీది గుండా, బండా?"

భార్య ఉన్నప్పుడు ఆమె కూడా, "బండి తోలినోళ్ళ కొడుకువి, బండవి కాక ఇంకేమవుతావు" అని ఆటపట్టించేది. ఆమె పోయి మూడేళ్ళయింది. లాయరమ్మ నోట అదే మాట విన్నప్పుడు అతనికి నవ్వు రాలేదు.

వాళ్ళ నాన్నది గుర్రపు బండి. గుర్రం తిన్నాకే పిల్లల వంతు. తొమ్మిదేళ్ళప్పుడు అతను దానికో పేరు పెట్టాడు, దాని పక్కనే పడుకునేవాడు. కాలు విరిగిన నాడు నాన్న దాన్ని కబేళాకు తోలేసి వచ్చాడు. గుక్కపట్టి ఏడుస్తున్న కొడుకు వీపు మీద రెండు వేసి, "మనల్ని పోషించేవాటికి పేర్లు పెట్టుకుంటే మనబోటోళ్ళం బతకలేం రా" అని, తనూ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత అతను ఏ జంతువుకీ పేరు పెట్టలేదు.

లాయరమ్మ కుక్కకు కడుపులో గడ్డ లేచింది. ఇక దాన్ని బాధపెట్టొద్దు, సూది వేసి పంపేద్దామన్నాడు పశువుల డాక్టరు.

ఆ ఉదయం ఆమె గుమ్మంలోనే కూలబడింది. "నేను చూడలేనయ్యా. నువ్వే తీసుకెళ్ళు. నీకైతే అంత పట్టింపు ఉండదుగా."

అతను దాన్ని దుప్పట్లో చుట్టి ఎత్తుకున్నాడు.

ఆసుపత్రి బల్ల మీద అది అతని మోచేతి మడతలో తల పెట్టుకుంది. కళ్ళు మాత్రం తలుపు మీదే. ఎవరు లోపలికి వచ్చినా చెవులు నిక్కించేది.

"పేరేంటి?" చీటీ రాస్తూ అడిగింది నర్సు.

దాన్ని తిప్పుతున్న ఐదేళ్ళలో మొదటిసారి అతను ఆ పేరు పలికాడు. తోక ఒక్కసారి బల్లకు తగిలింది.

తిరిగొచ్చేసరికి లాయరమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. "బాధపడిందా?"

"లేదమ్మా."

"నా కోసం చూసిందా?"

అతను చెప్పుల వంక చూసుకున్నాడు. "లేదమ్మా. మగతలోనే పోయింది."

ఆమె ఊపిరి పీల్చుకుంది. "నీలా గుండె రాయి చేసుకోవడం నావల్ల కాదయ్యా" అంటూ లోపలికెళ్ళి తలుపేసుకుంది.

మిగతా ఆరింటినీ తిప్పి, అతను మెట్ల కింద తన గదికి చేరాడు. కంచం ముందు పెట్టుకుని, "ఇవాళ ఏమైందో తెలుసా" అని భార్య ఉన్నప్పటి అలవాటున నోరు జారాడు. గదిలో పలికేవాళ్ళు లేరు. గోడకేసి చూస్తూ, జరిగిందంతా మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.