అత్తగారి చెవిగంటలు

హాస్కే పడినంత అందంగా ఆ ఎర్ర కొండల్లో ఇంకెవరూ పడేవారు కాదు.

పడటమంటే సినిమాలో గుండు తగిలి పడటం. చావు అనే మాటని ఆ కొండల్లో బతికే డినే జాతివాళ్ళ ఇళ్ళలో ఊరికే నోట్లోంచి రానివ్వరు. అందుకని తెరమీద చచ్చినవాణ్ణి కూడా 'పడ్డాడు' అనేవారు. ఆ యాభైల కాలంలో హాలీవుడ్ వాళ్ళు ఏడాదికోసారి లారీలేసుకుని లోయలోకి దిగేవారు. గొర్రెల బొచ్చు కత్తిరించే రోజుల్లాగే అదీ ఒక సీజను. దుమ్ము లేచేది, అరుపులు వినబడేవి, మళ్ళీ అంతా సద్దుమణిగేది. ఆ రోజుల్లో హాస్కే గొర్రెల్ని భార్య నాన్‌బాకి అప్పజెప్పి పడటానికి వెళ్ళేవాడు.

"ఈసారి ఏ జాతివాడిగా పడ్డావు బావా?" అని అడిగేవాడు సోసీ. మేనత్త కొడుకు గనక ఎంత మాటైనా అనే హక్కుంది అతనికి.

"కమాంచీగా."

"పోయినేడు?"

"అపాచీ. అంతకు ముందేడు ఏదో పేరు చెప్పారు, నోరు తిరగలేదు."

"మరి డినేగా ఎప్పుడు పడతావు?"

"మన వేషం వాళ్ళ పెట్టెలో లేదటరా."

నిజంగానే లేదు. ఆ పెట్టెలో ఉన్నవల్లా ఈకల కిరీటాలు, జడల విగ్గులు. హాస్కేకి సొంత జుట్టే బారెడుంది. తల వెనక తెల్ల నూలుతో కట్టిన ముడి, తాతల నాటి నుంచి అందరూ కట్టుకునేదే. వేషం వేసే మనిషి ఆ ముడి చూసి పెదవి విరిచి, "రెడ్ ఇండియన్‌లా లేదు" అని దానిమీద విగ్గు నొక్కేవాడు. అసలు జుట్టు మీద అబద్ధపు జుట్టు, దానిమీద టర్కీ కోడి ఈకలు. అంత బరువుతో గుర్రం దౌడు తీయిస్తూ, ఒక్క గుండుకి ఐదారుగురు పడాల్సి వస్తే, అందులో మొదట పడేది హాస్కేయే. ఆ గుండు మిగతావాళ్ళని ఎలా వెతుక్కుంటూ వెళ్ళిందో తుపాకీ పేల్చినవాడు కూడా అడగలేదు.

ఆ ఏడాది మాత్రం అదృష్టం తలుపు తట్టింది. దర్శకుడు హాస్కే ముఖం చూసి, ఇతను పడడు, నాయకుడి వేషం ఇతనికే అన్నాడు. కథ చివర్లో నాయకుడు తెల్ల కర్నల్ ముందు నిలబడి, సంధికి ఒప్పుకుంటూ తన భాషలో నాలుగు మాటలు చెప్పాలి. ఏం చెప్పినా పర్లేదు, గంభీరంగా ఉంటే చాలు.

"నీ ఇష్టం వచ్చింది మాట్లాడమన్నాడు బావా," అన్నాడు సోసీ. సర్కారు బడిలో ఇంగ్లీషు నేర్చుకుని దుబాసీగా కుదిరింది అతనే. "మీ ఆవిడ వంట గురించి చెప్పెయ్."

హాస్కే నవ్వలేదు. సినిమా మొదట్లో చూపించే పలక మీద 'టెక్సస్, 1866' అని రాసుందని సోసీ చదివి చెప్పాడు. కొండలు అరిజోనావి, పేరు టెక్సస్‌ది. సరే, కొండలకి అభ్యంతరం లేనప్పుడు మనకెందుకు? ఆ ఏడు విషయమే హాస్కేని పట్టుకుంది. అదే ఏడాది డినే వాళ్ళెవరూ ఎవరి మీదికీ కేకలేసుకుంటూ పోలేదు. సైనికులు జనాన్ని తుపాకుల ముందు పెట్టుకుని, ఎక్కడో తూర్పున హ్వేల్డీ అనే బయలుకి నడిపించుకుపోయి అక్కడ కట్టిపడేశారు. హాస్కే నానమ్మ అక్కడే పుట్టింది. ఇన్నిసార్లు పడ్డాడు కదా, ఒక్కసారి నిలబడి ఆ సంగతి అనాలని అతని కోరిక. తెల్లవాళ్ళకి అర్థం కాకపోనీ, తెరమీద ఉంటుంది. మనవాళ్ళు వింటారు.

వారమంతా గొర్రెల ముందు చెప్పుకున్నాడు. 'ఆ ఏడు మేం ఎవరి మీదికీ రాలేదు. మమ్మల్నే నడిపించారు. మోకాలి లోతు మంచులో నడిచాం.' మేకలైతే సగంలోనే లేచిపోయేవి గాని గొర్రెలు మర్యాదగా విన్నాయి.

చివరి దృశ్యం తీసే రోజు కాన్వాసు గుడారాలు వేశారు. డినే ఇంటి వాకిలి ఎప్పుడూ తూర్పుకే ఉంటుంది. ఈ గుడారాల వాకిళ్ళన్నీ కెమెరా వైపున్నాయి. నాయకుడి వెనక అతని ముసలి తల్లి నిలబడి, సంధికి గుర్తుగా ఇద్దరూ పీల్చే పొగగొట్టం అందించాలి. అందుకు దర్శకుడు చూడవచ్చిన జనంలోంచి ఎవరో ఒకావిణ్ణి ఏరుకున్నాడు. హాస్కేకి ఆ సంగతి తెలియదు. ఆ ముసలి తల్లికివ్వాల్సిన పొగగొట్టం ఇంకా తన దగ్గరే ఉంచుకుని తిరగేసి చూసుకుంటున్నాడు. డినే వాళ్ళు అలాంటిది పట్టుకోరు, ఎటువైపు నోట్లో పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు.

అంతలో వెనకనుంచి చిన్నగా గలగల వినబడింది.

హాస్కే తిరగబోయిన మెడని అక్కడే ఆపేశాడు. ఆ గలగల అతనికి పెళ్ళైన రోజు నుంచీ తెలుసు. గొర్రెల దొడ్డి దగ్గర వినబడితే దొడ్డి వెనక్కి పోయాడు, కొట్టు దగ్గర వినబడితే పిండి బస్తాల చాటుకి పోయాడు. అది అత్తగారి చెవులకి వేలాడే వెండి గంటల చప్పుడు. డినేల్లో అల్లుడు అత్త ముఖం చూడకూడదు, అత్త అల్లుణ్ణి చూడకూడదు. చూస్తే ఇద్దరి కళ్ళూ పోతాయి. అందుకే అత్తలు గంటలు పెట్టుకుంటారు, అల్లుళ్ళు చెవులు రిక్కించుకుంటారు. ఒకే కొండ కింద ఇన్నేళ్ళుగా హాస్కే, అత్తగారు పొడుగమ్మ ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఎంతో అన్యోన్యంగా బతికారు.

దర్శకుడు ఏరుకున్నది ఆవిణ్ణే. ఆవిడకీ తెలియదు. ఈకల కింద, రంగు కింద ఉన్న ఆ నాయకుడు తన అల్లుడేనని ఎలా తెలుస్తుంది? నాన్‌బా ఆ రోజు గొర్రెల్ని దొడ్లో పెట్టి వచ్చి ఆడవాళ్ళ గుంపులో వేషం వేసుకుని నిలబడి ఉంది కాబట్టి సరిపోయింది.

"అమ్మా! దుప్పటి కప్పుకో! ఆయనే!"

పొడుగమ్మ దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. హాస్కే కొండ వైపు తిరిగిపోయాడు. సోసీ పరిగెత్తి దర్శకుడికి సంగతి విప్పి చెప్పాడు. విని సిబ్బందంతా పడీపడీ నవ్వారు. అలాంటి రూలు మా ఇంట్లో కూడా ఉంటే ఎంత బాగుండునో అని కర్నల్ వేషగాడు కళ్ళు తుడుచుకున్నాడు. దర్శకుడు మాత్రం నవ్వలేదు. ఎండ వాలిపోతోంది, మాట్లాడతావా, ఈ కిరీటం ఇంకొకడికి పెట్టమంటావా అన్నాడు.

"గంటలున్నాయిగా," అన్నాడు హాస్కే కొండతోనే. "చప్పుడు బట్టి ఆవిడ ఎటుందో తెలుసుకుంటా. అటు చూడను. మాట్లాడతానని చెప్పరా."

అప్పుడొచ్చాడు విట్లాక్. సినిమాలో చరిత్ర తప్పుల్లేకుండా చూడటానికి జీతమిచ్చి పెట్టుకున్న మనిషి. టెక్సస్‌లో అరిజోనా కొండలుంటే ఊరుకున్నాడు. కోడి ఈకలకీ ఊరుకున్నాడు. వెనక గుట్ట మీద టెలిఫోన్ స్తంభం కనిపిస్తుంటే దాన్ని చెట్టనుకున్నాడో ఏమో. నేరుగా పొడుగమ్మ దగ్గరికి నడిచి, ఆవిడ చెవుల వైపు వేలు చూపించాడు.

"ఇవి తీసెయ్యాలి. 1866లో ఈ వెండి గంటలు లేవు."

సోసీ ఆ మాట డినేలో చెప్పి పళ్ళికిలించాడు. "ఇన్నాళ్ళకి ఒక తప్పు పట్టుకున్నాడు అత్తా. నాలుగు చీవాట్లు పెట్టు."

పొడుగమ్మ దుప్పటి లోపలే గంటల్ని వేళ్ళతో తడిమి చూసుకుంది. తర్వాత అంది, "వాడు చెప్పింది నిజమే. మా అమ్మ హ్వేల్డీ నుంచి తిరిగొచ్చిన చాలా ఏళ్ళకి గానీ ఇవి రాలేదు. ఆ ఏడు వెండి ఎక్కడిది? వేసుకోడానికి బట్టే లేదు." ఒక్కొక్కటీ విప్పి దుప్పటి చెంగులో ముడి వేసుకుంది. "వీళ్ళు నోరు తెరిచి చెప్పిన ఒకే ఒక్క నిజం ఇది. దీన్ని కాదంటే పాపం."

ఆ విధంగా ఆ సినిమాలోకి చరిత్ర అడుగుపెట్టింది. పెడుతూనే హాస్కే కళ్ళకి ఎసరు పెట్టింది.

గంటలు లేని అత్త పొగలాంటిది. ఎటైనా ఉండొచ్చు. కెమెరా తిరగడం మొదలైంది. హాస్కే రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నాడు. చెయ్యెత్తాడు. ముందుకి అడుగేశాడు. చెప్పాల్సిన మాటల కోసం తడుముకుంటే అక్కడ ఏమీ లేదు. నానమ్మా లేదు, మంచూ లేదు. ఉన్నదల్లా ఒకటే భయం. గంభీరంగా గొంతెత్తి అన్నాడు:

"నాన్‌బా! మీ అమ్మ ఎటుందే? కుడివైపా, ఎడమవైపా?"

ఆడవాళ్ళ గుంపులోంచి నాన్‌బా గొంతు ఏడుపులా వణుకుతూ వచ్చింది. "ఎడమవైపయ్యా! ఇంక ముందుకి రాకు, పొయ్యి ఉంది!"

"పొగగొట్టం ఇంకా ఆవిడ చేతిలోనే ఉందా?"

"నీ చేతిలోనే ఉంది, మొద్దు!"

హాస్కే ఆ గొట్టాన్ని చెయ్యి చాచి గాలిలోకి అందించాడు. కర్నల్ అటు పరిగెత్తి అందుకుని, ఎదురుగా ఉన్న నిస్సహాయుణ్ణి చూసి గుండె మీద చెయ్యేసుకున్నాడు. "నీ మాటలు వాషింగ్టన్ దాకా చేరుస్తాను," అన్నాడు.

దర్శకుడు ఏడ్చేశాడు. గుడ్డి నాయకుడు! తన జాతి పతనాన్ని కళ్ళతో చూడలేని నాయకుడు! ఇది రాసిన కథలో లేదే! విట్లాక్ కూడా వచ్చి దర్శకుడితో చెయ్యి కలిపాడు.

హాస్కే విగ్గు విసిరేసి ఇంటికి పోయాడు. చెప్పాల్సింది చెప్పలేదు. తెరమీద మిగిలేది అత్తగారి ఆచూకీ.

తీరా అది కూడా మిగల్లేదు.

మరుసటేడు ఆ సినిమాని మిషన్ బడి హాల్లో వేశారు. కిటికీలకి దుప్పట్లు కట్టి మధ్యాహ్నమే చీకటి చేశారు. హాలు మధ్యలో ఇంకో దుప్పటి అడ్డంగా కట్టారు, అటు పొడుగమ్మ, ఇటు హాస్కే. నాన్‌బా ఆ దుప్పటి అంచున కూర్చుంది. చివరి దృశ్యం వచ్చింది. తెరమీద హాస్కే చెయ్యెత్తాడు, నోరు తెరిచాడు. వచ్చింది వేరే ఎవడిదో బొంగురు గొంతు: "ఊగా బూమా టాకా."

హాల్లో తలలన్నీ హాస్కే వైపు తిరిగాయి.

సోసీ ముందే కనుక్కొచ్చాడు. "నీ మాటలు ఇండియన్ మాటల్లా లేవట బావా. స్టూడియోలో ఒక తెల్లాయన చేత చెప్పించారట."

జనం నవ్వారు. హాస్కే తల దించుకున్నాడు. ముందు వరసలోంచి ఒక ముసలాయన తిరిగి, డినే పద్ధతిలో వేలికి బదులు పెదవులతోనే తెర వైపు చూపిస్తూ అడిగాడు. "నోరు మాత్రం ఏదో కదిలింది మనవడా. ఏం చెప్పావక్కడ?"

"చెప్పిందొకటి తాతా. చెబుదామనుకుంది ఇంకొకటి."

"ఆ రెండోది చెప్పు."

బొమ్మ తిప్పేవాడు యంత్రం ఆపాడు. హాస్కే లేచి, దుప్పటికి వీపు చేసి నిలబడ్డాడు. గొర్రెలు విన్న మాటలే. ఆ ఏడు మేం ఎవరి మీదికీ రాలేదు. మమ్మల్నే నడిపించారు. మోకాలి లోతు మంచులో...

"మంచా?" అంది దుప్పటి అవతల గొంతు. "నాన్‌బా, ఆయనతో చెప్పు. మా అమ్మ నడిచింది ఎండల్లో. నాలుక పిడచగట్టి నడిచింది."

నాన్‌బా ఇటు తిరిగి, "ఎండలటయ్యా," అంది.

"మా నానమ్మ వాళ్ళ అమ్మ మంచులోనే నడిచిందని చెప్పు."

"మంచులోనేనటమ్మా."

అవతల గంటలు ఒకసారి గలగలమన్నాయి. "అయితే వాళ్ళని ముందు పట్టుకెళ్ళుంటారు," అంది పొడుగమ్మ మెత్తబడి. "చెప్పమను. ముందు మంచు సంగతి ఆయన్ని చెప్పమను. ఎండ వచ్చాక నేనందుకుంటా."