చెలక మట్టి రంగు బనీను

పోయిన ఆదివారం పొద్దున చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చున్నాను. హైటెక్ సిటీలో కొలువు చేసే మా మనుమరాలు కొత్త ఆట బనీను ఒకటి తెచ్చి నా ఒళ్లో పడేసి, "నానమ్మా, మన టీముకు ఇంకో రంగే దొరకలేదా? గిదేం మట్టిరంగు! గచ్చిబౌలి పోరిలందరు నవ్వుతున్నరు" అంది. మా ఊరి ఫుట్‌బాల్ టీములో ఇప్పుడు ఆడపిల్లలు కూడా ఆడుతున్నారు లెండి. నవ్వేవాళ్లను నవ్వనీ, ముందు ఆ బనీను మడత పెట్టమన్నాను. ఇంతలో దాని ఫోను మోగింది, అది వెళ్లిపోయింది, చెప్పాల్సిన జవాబు నా దగ్గరే ఉండిపోయింది. ఆ కాలం చూసినవాళ్లు గనక మీకే చెబుతాను.

నేను కోడలిగా వచ్చేనాటికి మా ఊరు పుప్పాలగూడ చుట్టూ బండరాళ్లు, సీతాఫలం పొదలు, జొన్నచేలు తప్ప మరేమీ లేవు. పట్నంలో మిలిటరీ వాళ్ల దగ్గర వంటపని చేసి వచ్చిన మా చినమామ ఒక పాత బంతి తెచ్చి, ఊరి మగపిల్లలకు ఆట నేర్పాడట. బూట్లు ఎవరికీ లేవు. వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుని, విత్తకుండా వదిలేసిన ఎర్రమట్టి చెలకలో, పల్లేరుకాయలు గుచ్చుకుంటున్నా లెక్కచేయక ఆడేవారు. ఆ చెలక మా మామగారిది. పొలం పనులయ్యాక మా ఇంటాయన కూడా అక్కడికే పరుగు. అందరికంటే వెనక నిలబడి, వచ్చిన బంతిని వచ్చినట్టే తన్ని పంపడం ఆయన పని. ఇంట్లో ఏ పని చెప్పినా ఆయన చేసే తీరు అదే, అది వేరే సంగతి.

పట్నంలో టీములకు మెట్లుమెట్లుగా పోటీలు జరిగేవి. మాది అన్నిటికంటే కింది మెట్టు. అందులోనూ ఆఖరున మిగిలిన టీమును తీసేసేవారు. ఒక ఏడాది మా వాళ్లు అలా ఆఖరుకు జారారు. చివరి ఆట మా చెలకలోనే పెట్టారు. ఓడకుండా ఉంటే నిలుస్తారు, ఓడితే పోతారు. మా మామగారు అరుగు మీద కూర్చుని అందరూ వినేలా, "ఈసారి ఓడిన్రంటె తెల్లారి నాగలి కడ్త. కంది ఏస్త. మల్ల ఎవ్వడు నోరెత్తద్దు" అని తేల్చేశారు. మా ఇంటాయనకు ఆ పూట ముద్ద దిగలేదు. నాకు మాత్రం మామగారి మాటే న్యాయంగా తోచింది. అంత నేల ఒక్క గింజ పండకుండా ఊరికే పడి ఉంటే నా కళ్లకు నొప్పిగా ఉండేది.

అందరికీ ఒకే రంగు బనీను ఉండాలని పోటీవాళ్ల షరతు. కొనే తాహతు ఎవరికీ లేదు కనుక, ఎండబెట్టి దాచిన మోదుగపూలు ఉడకేసి, ఇంటింటి తెల్ల బనీన్లూ ఆడవాళ్లమే గాబులో ముంచాం. లేత నారింజ రంగు ఎంత ముద్దుగా వచ్చిందో! హోలీకి చల్లుకునే రంగు కడిగితే పోయేదే కదా అన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆట మొదలైన కాసేపటికే వాన దంచికొట్టింది. చెరొక గోలు పడి ఆట సగమయ్యేసరికి మా వాళ్ల రంగంతా లాగుల మీదుగా కారిపోయి, బనీన్లు వెలవెలబోయాయి. అవతలివాళ్లవి అసలే తెల్లవి. "ఏమన్నా, హోలి ఆడొచ్చిన్రా?" అని వాళ్లు ఒకటే ఎకసెక్కాలు. పట్నం నుంచి వచ్చిన రిఫరీ పెద్దాయన, ఎవరు ఎవరో తెలియడం లేదని, వేరే రంగు బనీన్లు వేసుకురాకపోతే ఆట అవతలివాళ్లదేనని చెప్పేశాడు. మా ఇంటాయన నడుం మీద చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తూ నిలబడిపోయాడు. ఆ మనిషిని అలా నేను ఎన్నడూ చూడలేదు.

మామగారి ఎదుట కొంగు జారనివ్వని నేను, ఆయన ముందు గొంతెత్తి ఎరగని నేను, గట్టు మీద నుంచి అరిచేశాను. "ఏందట్ల సూస్తరు? బనీన్లిడిసి గా గుంటల ముంచుండ్రి! మన చెలక మట్టి అంటిందంటె ఏ సబ్బుకు పోదు, ఉతికేదాన్ని నాకెర్క!" ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్లంతా మామగారి మొహం చూశారు. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "కోడలు చెప్పినట్లు చేయుండ్రి, నన్నేం సూస్తరు?" అన్నారు. ఎర్రగుంటలో పొర్లి లేచిన ఆ పదకొండుమందిని చూసి రిఫరీ ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. రంగు వేరుగా ఉంటే తనకు చాలన్నాడు.

ఆ తర్వాత వాన ఎంత కురిసినా ఆ మట్టి వదల్లేదు. మా ఇంటాయన బంతికి అడ్డం పడి, పొర్లి, లేచి, మళ్లీ అడ్డం పడి, ఆఖరు ఈల దాకా ఇంకో గోలు కానివ్వలేదు. చెరొక గోలుతోనే ఆట ముగిసింది, టీము నిలిచింది. మర్నాడు మామగారు ఎడ్లను వేరే చేనుకు తోలుకుపోయారు. ఆ బనీన్లు మాత్రం నేను ఎంత బండకేసి బాదినా తెల్లబడలేదు. తర్వాత చేతిలో నాలుగు పైసలు ఆడినప్పుడు కూడా టీమువాళ్లు ఆ రంగు బట్టే వెతికి కుట్టించుకున్నారు.

ఆ పైన మా వాళ్లు ఒక మెట్టు ఎక్కారు, రెండేళ్లలో మళ్లీ దిగారు. పట్నంలో పెద్ద స్టేడియంలో ఒకసారి ఆడి చిత్తుగా ఓడి, గెలిచినవాళ్లకంటే ఎక్కువ కబుర్లు చెప్పుకున్నారు. కంపెనీలు వచ్చాక చెలక పోయింది. ఆడినవాళ్లలో కొందరు ఆఫీసు బస్సులు నడిపారు, కొందరు గేట్ల దగ్గర కాపలా కాశారు. కంది వేసుంటే కందిచేనూ పోయేదే. ఆట వాళ్ల కాళ్లలో ఉంది కనుక, ఎక్కడ చోటు దొరికితే అక్కడ ఆడి, పిల్లలకు నేర్పి, టీమును బతికించుకున్నారు. మా ఇంటాయన ఇప్పటికీ మోకాలికి పట్టీ కట్టుకుని పోయి, మనుమరాలి మీద అరిచి వస్తాడు. ఇప్పుడుంటున్న ఈ మేడ మీది ఫ్లాటులో నాకు ఏ లోటూ లేదు.

ఇప్పుడు గంటకింత అని కిరాయి కట్టి, గడ్డిలాంటి పచ్చ తివాచీ పరిచిన చోట ఆడుతున్నారు. గంట కాగానే ఇంకొకరు వచ్చి నిలబడతారు, ఆట సగంలో ఉన్నా బయటికి రావాల్సిందే. ఒక్క మెతుకు పారేసినా ఒప్పుకోని దాన్ని, దీపం ఊరికే వెలిగితే ఆర్పేదాన్ని. అలాంటి నేను సాయంత్రం బాల్కనీలో నిలబడి, ఎవరికీ ఏ లాభమూ లేకుండా ఊరికే పడి ఉన్న నేల ఎక్కడైనా కాస్త కనిపిస్తుందేమోనని ఆ అద్దాల మేడల మధ్య వెతుకుతుంటాను.