పాడుపెట్టిన ఇంట్లో గాజు తొట్టి

మా నాన్న గంగయ్య చేపల్ని తినేవాళ్ళకి అమ్మాడు. నేను చూసేవాళ్ళకి అమ్ముతున్నాను. రామచంద్రపురం బస్టాండు దగ్గర అక్వేరియం చేపలు, నీటిమొక్కలు అమ్మే కొట్టు నాది. తినేవాళ్ళే నయం, ఎంత బేరమాడినా చేపను తిరగేసి చూసుకుని కొంటారు. నా దగ్గరికొచ్చేవాళ్ళు "ఏదో ఒక మొక్క ఇచ్చెయ్యండి లక్ష్మీదుర్గ గారూ, పచ్చగా ఉంటే చాలు" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పచ్చగా ఉంటే చాలనుకుంటే ప్లాస్టిక్ మొక్కే కొనుక్కోవచ్చు కదా. తొట్టి ఎంత, నీళ్ళెలాంటివి, వెలుగెంత పడుతుంది అని అడక్కుండా నేను మొక్క ఇవ్వను. దానివల్ల పోగొట్టుకున్న బేరాలు చాలానే ఉన్నాయి.

గణేష్‌బాబు గారు వచ్చింది కార్తీకమాసంలో. ఊళ్ళన్నీ కోతల్లో ఉన్నాయి. యాభై దాటిన రైతు, ఆరెకరాలు సొంతం, నాలుగెకరాలు కౌలు. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పటికి నేను చూసింది చొక్కా నిండా వరి దుమ్ముతో నిలబడ్డ మనిషిని. తిన్నగా లోపలికొచ్చి ఫోను నా ముందు పెట్టారు.

"ఇందులో ఉన్న మొక్కలు కావాలండి."

ఫొటోలో ఒకావిడ స్టూలు మీద కూర్చుని నవ్వుతోంది. వెనక రెండడుగుల గాజు తొట్టి. ఆవిణ్ణి చూడగానే గుర్తుపట్టాను. సత్యశ్రీ గారు. పోయినేడాది నా ప్రాణం తోడేసిన మనిషి. ఒక్క మొక్క కొనడానికి నాలుగుసార్లు వచ్చేది. ఎర్ర మొక్క చూపిస్తే "దీనికి నీళ్ళలోకి గ్యాసు ఎక్కించాలటగా, ఆ బాధలు నేను పడలేనండి" అనేది. "మా ఊళ్ళో కరెంటు పోతుంటుంది, పోయినా ఓర్చుకునేది చూపించండి" అనేది. రాళ్ళు ఎలా పేర్చుకుందో కాగితం మీద గీసి తెచ్చి, ఏ రాయి పక్కన ఏ మొక్క బాగుంటుందో నాతో వాదించేది. పైకి విసుక్కునేదాన్ని గానీ, అలా ఎంచుకోవడం తెలిసినవాళ్ళంటే నాకిష్టం.

"ఆవిడ రాలేదేంటండి? ఆవిడొస్తే నాకు పని తేలిక" అన్నాను.

"మా ఆవిడ పోయిందండి. శ్రావణంలో. డెంగీ జ్వరం. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది."

ధాన్యంలో తేమ ఎంతుందో చెప్పినట్టు చెప్పారు. నేను కుర్చీ జరిపితే కూర్చున్నారు.

నేనేమీ అడగలేదు, ఆయనే చెప్పుకుపోయారు. పోయిన నక్షత్రం మంచిది కాదు, మూడు నెలలు ఇల్లు పాడుపెట్టాలి అన్నారట పంతులుగారు. కర్మ అయిన మర్నాడు కరెంటు మెయిన్ ఆపేసి, తాళం వేసి, తమ్ముడింటికి వెళ్ళిపోయారు. తొట్టిలో చేపల్ని బకెట్లో పట్టుకెళ్ళారు. మొక్కల సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ మూడు నెలలూ ఆ ఇంటి ముందు నుంచే చేలోకి వెళ్ళి వచ్చారు. తలుపు మాత్రం తీయలేదు. తీయకూడదు కాబట్టి.

"నాకు ఏడుపు రాలేదండి" అన్నారు. "దినం రోజున కూడా రాలేదు. మా తమ్ముడి భార్య సూర్యకళ నన్ను చూసి భయపడిపోయింది. తినమంటే తింటున్నాను, పడుకోమంటే పడుకుంటున్నాను. లోపల ఏమీ తెలీటం లేదు. ఇల్లంతా నా ఇష్టప్రకారం కట్టించిందేనండి. ఆ తొట్టి ఒక్కటే తను కావాలని పెట్టుకుంది. అది మళ్ళీ తను పెట్టినట్టే ఉండాలండి. అంతకంటే నాకేం అక్కర్లేదు."

"ఏ మొక్క ఎక్కడుండేదో గుర్తుందా?"

"రోజూ దాని ఎదురుగానే కూర్చుని అన్నం తిన్నాను. చెప్పమంటే చెప్పలేనండి."

ఫొటో పెద్దది చేసి చూశాను. వెనక వరసలో రిబ్బన్లలా పొడుగ్గా వాలిస్నేరియా. రాయి మీద మందపాటి ఆకుల అనుబియాస్. ముందు, గోధుమరంగు ఆకులతో గుబురుగా క్రిప్టోకోరిన్. మూడూ నా కొట్లోవే.

"తలుపు తీసేసరికి తొట్టి ఎలా ఉందండి?" అని అడిగాను.

"అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళు మిగిలాయండి. ఆకులన్నీ కుళ్ళి జావైపోయాయి. ఒకటే కంపు. శుభ్రం చేసేశాను. పాత మోళ్ళు ఉండగా నాట్లెయ్యం కదండీ. మట్టంతా తిరగేసి ఒక్క వేరు కూడా లేకుండా ఏరేశాను. ముందు వైపు గుబురుంది చూశారా, దాని వేళ్ళు తెల్లగా, గట్టిగా పట్టుకుని ఉన్నాయి. అవి కూడా లాగేసి, మట్టిని సున్నం నీళ్ళతో కడిగి ఎండబెట్టాను. చేను దమ్ము చేసినంత చక్కగా చేశానండి."

ఆ ఒక్క మాట దగ్గర మాత్రం ఆయన గొంతులోకి కాస్త ప్రాణం వచ్చింది. నేనప్పుడు ఊరుకోవాల్సింది. కాలు జారితే తీసుకోగలంగానీ నోరు జారితే తీసుకోలేమే అని మా అమ్మ పెద్దింట్లమ్మ నాకు లక్షసార్లు చెప్పింది.

"తెల్లటి వేళ్ళా? అయితే అది చావలేదండి" అనేశాను.

"ఏంటండి?"

ఇక చెప్పక తప్పలేదు. ఆ మొక్క తీరే అంత. నీళ్ళు మారినా, వెలుగు తగ్గినా ఆకులన్నీ కరిగిపోతాయి. చచ్చిందనే అనుకుంటాం. వేరు మట్టిలో బతికే ఉంటుంది. కదపకుండా నీళ్ళు పోసి ఉంచితే కొన్నాళ్ళకి కొత్త ఆకు వేస్తుంది. ఆ సంగతి తెలిసే ఆవిడ దాన్ని ఎంచుకుందని కూడా చెప్పాను. ఆ చివరి మాట ఎందుకు చెప్పానో నాకే తెలీదు.

ఆయన మొహం మారలేదు.

"గట్టు మీద పారేశానండి. ఆరు రోజులైంది. ఎండిపోయుంటుంది."

"ఎండిపోయుంటుందండి" అన్నాను.

"నాటిన వారం వరిచేను కూడా చచ్చినట్టే ఉంటుంది. ఎర్రబడిపోతుంది. ఆ తర్వాతే మూన తిరిగి పచ్చబడుతుంది. చచ్చిందని ఏ రైతూ పీకెయ్యడు. నాకు తెలిసుండాల్సిందండి."

మూడు మొక్కలూ ఇచ్చాను. అనుబియాస్‌ను మట్టిలో పూడ్చకూడదు, రాయికి దారంతో కట్టాలి అని ట్రేలో చూపిస్తుంటే, ఆయన బొటనవేలు దానంతటదే నారు నాటినట్టు దాన్ని మట్టిలోకి నొక్కేసింది. అలా కాదండి అని రెండుసార్లు ఆపాను. క్రిప్టోకోరిన్ గురించి అయితే మూడుసార్లు చెప్పాను, కొత్త నీళ్ళలో ఆకులన్నీ పోతాయి, పోనివ్వండి, పీకొద్దు అని. తలూపి వెళ్ళిపోయారు. ఆ రోజంతా నా మీద నాకే కోపంగా ఉంది. వచ్చినవాళ్ళందర్నీ కసురుకున్నాను.

పది రోజుల తర్వాత మధ్యాహ్నం ఫోను చేశారు. కొట్లో ఇద్దరు బేరగాళ్ళున్నారు.

"ఆ ముందు మొక్క మొత్తం కరిగిపోయిందండి. ఒక్క ఆకు లేదు. సూర్యకళ తీసి పారేయమంటోంది."

"మీరు పీకలేదు కదా?"

"లేదండి. పొద్దున్నించి దాని ఎదురుగానే కూర్చున్నాను. నిజంగా వస్తుందాండీ?"

"వస్తుందండి. కంగారు పడకండి, టైం పడుతుందంతే."

ఫోను భుజానికి నొక్కిపట్టి, చేపలు పట్టే వల తొట్టిలోకి దించాను.

"ఆసుపత్రిలో కూడా ఇదే మాటన్నారండి" అన్నారు. "తొమ్మిది రోజులూ అడిగాను. కంగారు పడకండి, టైం పడుతుందన్నారు. నేను కంగారు పడలేదు. ఒక్కసారి లోపలికి పంపండి అని గట్టిగా అడగను కూడా అడగలేదు. బయట బల్ల మీద కూర్చున్నానండి. తను లోపల ఒక్కత్తే ఉంది."

ఆ తర్వాత వచ్చింది మాట కాదు. అంత మనిషీ గొంతు పగిలిపోయేలా, ఆగకుండా ఏడుస్తున్నారు. "బావగారూ, ఏమైందండి" అంటూ ఎవరో ఆడమనిషి పరుగెత్తుకొస్తోంది, సూర్యకళ కాబోలు. నాకూ ఏడుపొచ్చింది. బేరగాళ్ళిద్దరూ నా మొహంలోకే చూస్తున్నారు. వాళ్ళని తర్వాత రమ్మని చేత్తో సైగ చేసి, ఫోను చెవికి అలాగే పెట్టుకుని కూర్చున్నాను.