తిరగేసి చూసిన మనిషి

లక్ష్మీరాజం బతికున్నన్నాళ్లూ సాంచా మగ్గం మీంచి దిగిన గుడ్డను తిరగేసి, వెనక దారాలు సాఫుగా ఉంటే తప్ప మడత పెట్టలేదు. కొడుకు ఓంప్రకాశ్‌కు నేత పని అబ్బలేదు గానీ ఆ పిచ్చి మాత్రం అబ్బింది. కరీంనగర్‌లో ఒంటిగదిలో ఉంటూ దుకాణాలకు వెబ్‌సైట్లు చేస్తాడు. తెర మీద కనబడేదాని కంటే దాని వెనక రాసే కోడ్‌కే అతడికి రెట్టింపు రోజులు పడతాయి. కోడ్ రాతకు ప్రపంచమంతా ఒప్పుకున్న నియమాల్లో ఒక్కటీ తప్పడు. మెచ్చుకున్న మనిషి లేడు. బాపు పోయాక, తిన్నావా అని అడిగే మనిషీ లేడు.

చీరల వ్యాపారి కొండల్‌రావుకు మూడేళ్ల కింద సైటు చేసింది అతడే. ఇప్పుడాయనకు కొత్తది కావాల్సి వచ్చింది. ఇంకెవరో బొమ్మలు గంతులేసే నమూనా పట్టుకొచ్చారు. మన ఓంప్రకాశ్ మాత్రం పేజీ వెనకనున్న కోడ్ తెరిచి చూపించాడు. నేతగాళ్ల ఇంట్లో పుట్టినవాడు తప్ప ఇంత తెలివితక్కువ పని ఇంకెవరూ చేయరు.

"గీ అక్షరాలు ఎవలు సూస్తరు ఓంప్రకాశ్? గిరాకికి బొమ్మ గావాలె," అన్నాడు కొండల్‌రావు, ముందున్న చీరను అలవాటుగా తిరగేసి దారాలు తడుముతూనే. పని రెండోవాళ్లకు పోయింది.

కొత్త సైటు వచ్చిన పది రోజులకు ఫోన్ మోగింది. సుల్తానాబాద్ నుంచి మమతారాణి అట, బడిలో టీచరట. చూపు లేదు, పేజీ వెనక కోడ్‌లో రాసినదాన్ని ఫోన్ చదివి వినిపిస్తే వింటుంది. పాత పేజీ అడుగున ఉన్న అతడి నంబరు దాచుకుంది.

"సార్, మీ సైటు ఒక్కొక్క చీర రంగు, అంచు అన్నీ చెప్పేది. ఇప్పుడు 'బొమ్మ, బొమ్మ' అంటున్నది, గంతే. మా చెల్లె పెండ్లికి నా చీర నేనే ఎంచుకుందామనుకున్న."

"అది ఇప్పుడు నా చేతుల లేదమ్మా," అన్నాడు ఓంప్రకాశ్. ఫోన్ పెట్టేయబోయి ఆగాడు. "జర ఉండుండ్రి."

కొత్త పేజీ తెరిచి, గంతులేసే బొమ్మలను ఒక్కొక్కటే ఆపి చెప్పుకుంటూ పోయాడు. ఇరవై మూడోది, నెమలికంఠం రంగు, సన్న జరీ అంచు.

"గదే!" అందామె. తర్వాత నెమ్మదిగా, "పాతది మస్తు మంచిగ రాసిండ్రు సార్," అంది.

ఫోన్ పెట్టేశాక గదిలో ఫ్యాను చప్పుడే మిగిలింది. అంత మంచి మాట విని, ఎవరికీ చెప్పుకోలేకపోవడం ఎంత కష్టమో అతడికి అప్పుడు తెలిసింది.

"ఒకామె తిరగేసి సూసింది బాపూ," అన్నాడు పైకే.