పల్టన్ తిత్తి మూడుసార్లే మోగిన రోజు

1957 నవంబరు 11, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. తెల్లవారుజామున కురిసిన మంచు అప్పటికే ఇగిరిపోయింది. ఉత్తరపు గాలి మాత్రం ఆగలేదు. మా ఊరి గొర్రెల దొడ్డి వెనుక ఉన్న నల్లబండ మీద ఆ గడియకు మేము ఎనిమిది మందిమి ఉన్నాము. మా బాపు, అమ్మ, నేను, మా కులపెద్దలు ముగ్గురు, నేను పెద్దమ్మ అని పిలిచే ఒక ముసలామె, ఆమె కోడలు. పెద్దమ్మ ఎవరి ముఖమూ చూడకుండా బండ అంచున కూర్చుంది. కోడలు ఆమెకు నాలుగడుగుల దూరంలో, చెంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది. ఆ వేళ తేలవలసింది ఆ కోడలి బతుకే.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. చిట్యాలలో బడిపంతులుగా చేరి ఏడాదిన్నర అయింది. చరిత్ర, లెక్కలు చెప్పేవాడిని. ఇంగ్లీషువాళ్ల యుద్ధాలన్నీ నాకు తేదీలతో సహా కంఠస్థం. ట్రఫాల్గర్ దగ్గర ఓడల మీది పోరు 1805 అక్టోబరు 21. వాటర్లూ 1815 జూన్ 18. నిజాం ప్రభువు ఇంగ్లీషువాళ్లకు యుద్ధ విమానాలు కొనిచ్చిన సంగతి, ఆ విమానాల దళానికి హైదరాబాదు పేరు పెట్టిన సంగతి పిల్లలకు గర్వంగానే చెప్పేవాడిని. మా బాపు అదే సైన్యంలో ఆరేళ్లు ఉన్నాడన్న సంగతి మాత్రం తరగతిలో ఒక్కసారీ చెప్పలేదు. సిగ్గు పడేవాడిని. ఆ సిగ్గుకు కారణం ఇప్పుడు రాస్తున్నాను.

మాది గొర్రెలు కాసే ఇల్లు. ఊరు అచ్చంపేటకు దగ్గర. బాపు చిన్నతనంలో కథలు చెప్పేవారి వెనుక నిలబడి శ్రుతి తిత్తి ఊదేవాడు. 1940లో సికింద్రాబాదు వెళ్లి ఇంగ్లీషు పల్టన్‌లో చేరాడు. అక్కడి బాజాకు ఉస్తాదు ఒక స్కాట్లండు సార్జంటు. ఈ మనిషికి ఊపిరి బాగా నిలుస్తుందని చూసి, బ్యాగ్‌పైపు అనే తమ దేశపు తిత్తిని ఆయన చేతికిచ్చాడు. చంకలో తోలు సంచి, భుజం మీద మూడు గొట్టాలు, వేళ్లకు సన్నాయి వంటి ఇంకొక గొట్టం. మా ఊళ్లో దానికి పల్టన్ తిత్తి అని పేరు పడింది. ఆ ఉస్తాదు మోకాళ్ల మీదికి గళ్ల గుడ్డ చుట్టుకుంటాడని బాపు చెప్పినప్పుడు ఊరి ఆడవాళ్లు నెలరోజులు నవ్వారట.

"లంగ గట్టుకొని లడాయి జేస్తరా? మరి చీర గట్టుకున్న నన్నెందుకు తీస్కపోలే?" అని మా అమ్మే అడిగిందట.

1942 ఎండాకాలంలో బాపు సెలవు మీద వచ్చాడు. వారపు సంతలో నిలబడి పల్టన్ తిత్తి వాయించాడు. నిగనిగలాడే బూట్లు, ఇస్త్రీ మడత, పిడుగు వంటి ఆ చప్పుడు. ఊళ్లో దొర గడీలో వెట్టి చేసి విసిగిన పిల్లలు ఆయన చుట్టూ మూగారు. సెలవు ముగిసి బాపు తిరిగి పోయేటప్పుడు మా ఊరి నుంచి, పక్క ఊళ్ల నుంచి ఏడుగురు ఆయన వెంట పోయారు. అందులో ఒకడు పెద్దమ్మ కొడుకు. వాడికి అప్పటికే పెళ్లయింది. భార్య పన్నెండేళ్ల పిల్ల. ఇంకా కాపురానికి రాలేదు. "ఆ ఏడుగురిని నేను రమ్మనలే, వాళ్లే వచ్చిండ్రు" అని బాపు అనేవాడు. నిజమే. కాని ఆయన వాయించకపోతే వాళ్లు పోయేవారు కారు. ఇదీ నిజమే.

1946 మే నెలలో బాపు తిరిగి వచ్చాడు. ఊరి పొలిమేరలో మొదట ఎదురైన మనిషి పెద్దమ్మ. "నా కొడుకేడి మరిదీ?" అని ఆమె అడిగింది. "ఎనక వస్తున్నడు వదినె" అన్నాడు బాపు. ఆ ఒక్క మాట అని ఇంటికి వచ్చి గొంగడి కప్పుకొని పడుకున్నాడు. బస్సు దగ్గరికి ఎదురు వెళ్లిన నేను అప్పుడు ఆయన పక్కనే నడుస్తున్నాను. నాకు పన్నెండేళ్లు. ఆ మాట నేనూ విన్నాను.

1918లో నవంబరు 11న, పగలు పదకొండు గంటలకు, మొదటి పెద్ద యుద్ధం ఆగింది. ఏటా ఆ గడియకు ఇంగ్లీషు సైన్యం చనిపోయినవారిని తలుచుకుంటుంది. ఆ రోజు తిత్తి మీద ఒక శోకపు వరస వాయించడం బాపు తన ఉస్తాదు దగ్గర నేర్చుకున్నాడు. తిరిగి వచ్చాక ఏటా ఆ బండ ఎక్కి అదే వరస వాయించేవాడు. ఒకసారి కాదు, నాలుగు సార్లు. తన వెంట వచ్చి చనిపోయినవారికి తలా ఒకసారి. ఇది పల్టన్ ఆనవాయితీ కాదు. బాపు తనకు తానే పెట్టుకున్నది. వాయించి, దిగి వచ్చి, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

ఊళ్లో ఆ లెక్క అందరికీ తెలుసు. ఏడుగురు పోయారు. ముగ్గురు వచ్చారు. పెద్దమ్మ కొడుకు నిజంగా వెనుక వస్తున్నవాడే అయితే తిత్తి మూడుసార్లు మోగాలి. నాలుగు సార్లు మోగుతోంది. అంటే బాపు నోటితో ఒకటి చెప్పి, తిత్తితో ఇంకొకటి చెబుతున్నాడు. పదకొండేళ్లపాటు ఎవరూ ఆయనను నిలదీయలేదు. నేనూ నిలదీయలేదు. పెద్దమ్మ తన గుడిసె ముందు కూర్చొని ఏటా ఆ నాలుగింటినీ వినేది. విని లేచి, కొడుకు పేర ఎత్తి పెట్టిన గొర్రెలకు నీళ్లు పెట్టేది. కోడలు కాపురానికి వచ్చి అత్త దగ్గరే ఉండిపోయింది.

ఆ సంవత్సరం దసరా తరువాత కోడలిని మారుమనువు అడుగుతూ అచ్చంపేట దిక్కు నుంచి ఒక మనిషి వచ్చాడు. భార్య చనిపోయినవాడు, మంచివాడు. మా కులంలో మారుమనువుకు తప్పు లేదు. కాని మగడు చనిపోయినట్టు తెలిసిన మనిషి కులపెద్దల ముందు నోరు తెరిచి చెప్పాలి. ఆ మాట పడనిదే పసుపు ముట్టి మనువు ఖాయం చేయరు. సర్కారు కాగితం రాలేదు, తిరిగి వచ్చిన ముగ్గురూ వేరే పల్టన్ల వాళ్లు, చెప్పగలిగినవాడు మా బాపు ఒక్కడే. పెద్దలు రెండుసార్లు కబురు పెట్టారు. బాపు రెండుసార్లూ గొర్రెల వెంట అడవికి పోయాడు. చివరికి పెద్దమ్మే పెద్దలతో అన్నదట: "నోరు రాకపోతే పోనియ్యుండ్రి. పదకొండో తారీఖు వాయిస్తడు గద. మీరొచ్చి ఇనుండ్రి. మూడైతే నా కొడుకున్నడు. నాలుగైతే లేడు." పెద్దలు సరేనన్నారు. నేను శనివారం బస్సులో ఊరికి వచ్చి, సోమవారానికి సెలవు చీటీ పంపించాను.

బాపు తిత్తి తోలును ఏటా తేనెతో పదును చేసేవాడు. నల్లమల తేనెను వెచ్చబెట్టి తోలు లోపల పోసి, పిసికి, మిగిలినది వంచేస్తే కుట్ల సందులు పూడుకొని గాలి నిలుస్తుంది. అది ఉస్తాదు నేర్పిన పని. ఆ ఏడు ఆయన తిత్తిని ముట్టనే లేదు. దూలానికి వేలాడి వేలాడి తోలు చెక్కలాగా బిగుసుకుపోయింది. ఆదివారం మధ్యాహ్నం మా అమ్మ దాన్ని దింపి, మోట బొక్కెన తొండానికి పట్టించినట్టుగా, సోలెడు ఆముదం లోపలా బయటా పట్టించి ఎండలో పెట్టింది. మా దిక్కున ఏ తోలు బిగిసినా చేసే పని అదే. చెప్పుకూ అదే, పగ్గానికీ అదే. మర్నాటికి తిత్తి వెన్నలాగా మెత్తబడింది. ఆముదం కుట్లలోంచి జారి గొట్టాల మొదట ఉండి చప్పుడు పుట్టించే రెల్లు పీకల దాకా పోయిందని మాకెవరికీ తెలియలేదు.

పదకొండుకు అయిదు నిమిషాలు ఉందనగా బాపు తిత్తి చంకన పెట్టుకున్నాడు. ముక్కు ముడిచాడు. అమ్మ వైపు చూశాడు.

"ఆముదం పెట్టినవా?"

"పెట్టిన. ఎండి చచ్చి పడి ఉండె."

పెద్దలలో అందరికంటే పెద్దాయన గొంగడి సర్దుకుంటూ నా వైపు తిరిగాడు. "గొర్రె కూస్తే ఆకలో, రోగమో మేం చెప్తం. గీ కూత మాకు తెల్వది. నువ్వు లెక్కల సారువు గద, లెక్క నువ్వు బెట్టు" అన్నాడు. పక్కాయన అందుకొని, "జర సక్కగ పెట్టు సారూ, గొర్లను లెక్క బెడ్తే మీ తాత ఎప్పుడూ ఒకటి తక్కువ జెప్తుండె" అన్నాడు. మూడో ఆయన నవ్వాడు. పెద్దమ్మ నవ్వలేదు. నేను గడియారం చూసి తల ఊపాను.

మొదటిసారి వరస పూర్తిగా వచ్చింది. రెండోసారి గొంతు కొద్దిగా బొంగురుపోయింది. మూడోసారి సగానికి వచ్చేసరికి భుజం మీది గొట్టాలు ఒకదాని వెనుక ఒకటి మూగబోయాయి. బాపు కళ్లు ఉబ్బేలా ఊది, ఆ ఒక్క సన్నాయి గొట్టంతోనే ఎలాగో చివరి దాకా లాగాడు. నాలుగోసారికి ఊపిరి నింపి చంక నొక్కాడు. కుట్లలోంచి ఆముదం నురగ బుసబుస వచ్చింది. చప్పుడు రాలేదు. మళ్లీ నొక్కాడు. రాలేదు.

పెద్దాయన నన్ను అడిగాడు: "ఎన్నయినయి సారూ?"

"మూడు పూర్తయినవి. నాలుగోది మొదలు కాలేదు" అన్నాను.

నేను చెప్పిన అంకె సరైనదే. అంకెలలో నేను తప్పలేదు. ఆ అంకె విని పెద్దమ్మ ముఖం ఒక్కసారిగా వెలిగింది. బండ మీద రెండు చేతులూ ఆనించి లేవబోయింది. కోడలు చెంగు నోటి నుంచి తీసి, దొడ్డి పనికని తెచ్చి కింద పెట్టిన బుట్ట నెత్తికి ఎత్తుకుంది. ఇంకేమీ వినవలసింది లేదన్నట్టు బండ దిగడం మొదలుపెట్టింది. తిత్తి చెడిపోయిందని, లెక్క ఇది కాదని నేను అనవచ్చు. అనడానికి నోరు రాలేదు. నిజం మింగడంలో కొడుకు తండ్రికి తక్కువ కాడని ఆ క్షణంలో తెలిసింది. పొలిమేరలో ఆయన, బండ మీద నేను.

బాపు తిత్తిని కింద పెట్టాడు. "ఆగు బిడ్డా" అన్నాడు కోడలితో. తరువాత పెద్దమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నాలుగు వదినె. తిత్తి చెడింది. నాలుగు."

లేవబోయిన పెద్దమ్మ మళ్లీ బండ మీద కూర్చుంది.

"లడాయిల పోలేదు. గుండు తగిలి పోలేదు. బర్మా రోడ్డు మీద వానల్ల నడుస్తున్నం. వానికి కడుపు రోగం పట్టింది. ఆకాశం మీదికెంచి ఇమానాలు బియ్యం మూటలు ఏస్తుండె, గని ఆ దినం మబ్బు పట్టి రాలే. వాడు నడవలేక రోడ్డు పక్కకు కూసున్నడు. పడ్డోన్ని డోలీల మోసుడు మా బాజావాళ్ల పనే. నా పనే. గని గా దినం పల్టన్ ముంగట వాయించుకుంట నడువుమన్నరు. వాని ముంగటికెంచే పోయిన. కాక అని పిలిచిండు. వాయించుకుంటనే పోయిన. ఆగలే. తెల్లారి ఎనకకు పోయి మట్టి నేనే కప్పిన."

ఆయన ఇంత మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. అది ఏ తేదీ అని అడగాలని నా నోటి దాకా వచ్చింది. అడగనందుకు మాత్రం సంతోషం.

పెద్దమ్మ అడిగింది. "నీళ్లడిగిండా?"

"అడిగిండు."

"దొరికినయా?"

బాపు తల దించుకున్నాడు. "దొరకలే వదినె."

ఆమె తిట్టలేదు. ఏడవలేదు. పదకొండేళ్ల కింద చెప్పాల్సిన మాట ఇప్పుడు చెప్పినవా అని అడుగుతుందని నేను ఎదురుచూశాను, అదీ అడగలేదు. లేచి, కోడలి నెత్తి మీది బుట్టను తన చేతులతో దించి పక్కన పెట్టింది. "ఇన్నవు గద బిడ్డా" అంది. తరువాత పెద్దల వైపు తిరిగి, "మీరూ ఇన్నరు. ఇగ ఆ అచ్చంపేటాయనకు కబురు జెయ్యుండ్రి. దినాలైనంక పసుపు ముట్టుండ్రి" అంది. బండ దిగేటప్పుడు ఆసరాకని నేను చెయ్యి అందించాను. ఆమె నా చెయ్యి పట్టుకోలేదు. పక్కనున్న రాయి పట్టుకొని దిగింది.

దినాలు జరిగాయి. 1958 మాఘంలో మారుమనువు జరిగింది. మా ఇంటికి పిలుపు రాలేదు, రాకపోవడమే న్యాయం. ఆ తరువాత బాపు తిత్తి వాయించలేదు. బాగు చేయించుకోమని ఎవరూ చెప్పలేదు. నేను చిట్యాల తిరిగి వెళ్లి, ఎప్పటి తేదీలు అప్పటిలాగే పిల్లలకు చెప్పాను. బర్మా పాఠం వచ్చినప్పుడు మాత్రం నల్లబల్ల వైపు తిరిగి చెప్పేవాడిని.

ఆ సోమవారం బండ దిగకముందు పెద్దాయన నన్ను ఆపాడు. "కులం ముంగట మాట పడాలె. లెక్క సక్కగ జెప్పు సారూ" అన్నాడు. ఈసారి ఆయన గొంతులో ఎగతాళి లేదు. బాపు వింటుండగానే చెప్పాను. పోయినవారు ఏడుగురు. తిరిగి వచ్చినవారు ముగ్గురు. చనిపోయినవారు నలుగురు.