మా పాపకి పాలు పడవని హిందీలో చెప్పాను

ఒక్క వాక్యంతో కాలనీ మొత్తాన్ని కంటతడి పెట్టించి, కన్నకూతుర్ని డాక్టరు పాలు చేసి, తిండిపోతు తండ్రిగా పేరు తెచ్చుకున్న ఘనుణ్ణి నేను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. మీరు ధారాళంగా నవ్వుకోవచ్చు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

ఎనభైల నాటి మాట. ఉద్యోగం కోసం శ్రీకాకుళం నుంచి రాయపూర్ వచ్చి, దేవేంద్ర నగర్‌లో అద్దెకుండేవాణ్ణి. మా ఆవిడ సుగుణ ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన పిల్ల, మా జిల్లా నుంచే వలస వెళ్ళిన రైల్వేవాళ్ళ కూతురు. ఆవిడకి హిందీ వచ్చు. నాకు హిందీ పరీక్షలు పాసైన సర్టిఫికెట్లు ఉన్నాయి. ఈ రెండూ ఒకటి కావని అప్పటికి నాకు తెలీదు.

మా పాప చిన్నికి ఏడాది దాటింది. ఆవుపాలు పట్టినప్పుడల్లా ఒళ్ళంతా దద్దుర్లు, వాంతులు. పిల్లల డాక్టరు చూసి పాల ఎలర్జీ అని తేల్చాడు. గేదెపాలు, మేకపాలు కూడా వద్దన్నాడు. పెరుగు, నెయ్యి, కోవా ఏదీ పాప నాలిక్కి తగలకూడదు. తల్లిపాలు పట్టవచ్చు గానీ తల్లి కూడా ఇవన్నీ మానాలి. సోయాపాలు, రాగిజావ, పెసరకట్టుతో అన్నం పెట్టమన్నాడు. చాలామంది పిల్లలకి పెద్దవుతుంటే తగ్గిపోతుందని ధైర్యమూ చెప్పాడు. ఆ రోజే పాలవాణ్ణి రావద్దన్నాం.

ఇక మిగిలింది ఇరుగుపొరుగు. మా వీధిలో చంటిపిల్ల గడప దాటిందంటే ఎవరో ఒకరు నోట్లో పాలకోవాతో చేసిన పేడా పెడతారు. అందరికీ చెప్పాలి. తను వెళ్ళి చెప్పొస్తానంది సుగుణ. సర్టిఫికెట్లున్న మనిషిని, ఊరుకుంటానా?

"నువ్వుండు. ఇలాంటివి వ్యాకరణం తెలిసినవాళ్ళు చెప్పాలి" అన్నాను.

'పాపకి పాలు పడవు' అన్న మాటని మనసులోనే హిందీలోకి దింపాను. అన్నీ దిగాయి గానీ 'పడవు' మాత్రం దిగలేదు. ఒక్క ముక్క వదిలేస్తే కొంప మునుగుతుందా అనుకున్నాను. పక్కింటి మిశ్రా చాచీ గుమ్మంలో నిలబడి, మర్యాద కోసం చేతులు జోడించి, "చాచీజీ, హమారీ బచ్చీ కో దూధ్ నహీ. బహుత్ తక్‌లీఫ్ హై" అన్నాను.

అంటే ఏమిటో తెలుసా? 'మా పాపకి పాలు లేవండీ, చాలా కష్టంగా ఉంది' అని. మీకు చెబుతున్నాను గానీ, అప్పుడు నాకు చెప్పినవాళ్ళు లేరు.

చాచీ కళ్ళు చెమర్చాయి. పాప జబ్బు వింటేనే ఇంత కరిగిపోయిందే అని పొంగిపోయి, వీధి చివరిదాకా ప్రతి గుమ్మంలోనూ అదే వాక్యం అప్పజెప్పాను.

సుగుణది పొద్దుటి బడిలో టీచరు పని. నాది మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున పూట పాప, నేనూ మాత్రమే ఇంట్లో ఉంటాం. మర్నాడు ఆవిడ అలా వెళ్ళిందో లేదో చాచీ గిన్నెడు పాలు తెచ్చింది. ఎదురింటి నుంచి చిక్కగా మరగకాచిన పాల మిఠాయి, రబ్డీ వచ్చింది. మేం మాన్పించిన పాలవాడు సైతం చెంబుతో ప్రత్యక్షమై, "నోనీ బర్ లాయే హవ్, బాబూ" అన్నాడు. నోనీ అంటే అక్కడ చిన్నపిల్ల. పాప కోసం తెచ్చాడట.

వీళ్ళకి అర్థం కాలేదనుకున్నాను. మళ్ళీ బయలుదేరి అదే వాక్యం ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త దీనంగా చెప్పొచ్చాను. మర్నాడు పాలు రెట్టింపు వచ్చాయి.

అప్పుడు నా బుర్ర పనిచేసింది. అది పనిచేసినప్పుడే ప్రమాదం. బిడ్డకి పడనిది తండ్రికి పంపడం ఇక్కడి మర్యాద కాబోలనుకున్నాను. మర్యాదని కాదనకూడదు కదా. వరండాలో పడక్కుర్చీ వేసుకుని, వీధంతా చూస్తుండగా పాలు తాగి, రబ్డీ గిన్నె వేలితో తుడిచి నాకాను. పాలు మానిన మనిషి ముందు రబ్డీ మాటెత్తడం అమానుషమని సుగుణకి చెప్పలేదు. కొన్నాళ్ళకి నేను గాలికొట్టిన ట్యూబులా తయారయ్యాను. చిన్నిది మొదటినుంచీ సన్నటి ఒళ్ళు. మా ఇద్దర్నీ పక్కపక్కన చూసిన కాలనీ ఏమనుకుని ఉంటుందో మీరే ఊహించుకోండి. చాచీ నన్ను పలకరించడం మానేసింది.

ఒక పొద్దున ఆవిడ విసవిసా వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, పాపని చంకనేసుకుని వెళ్ళింది. ఆడించడానికి కాబోలని సంతోషించాను. కాసేపటికి పరుగున వెనక్కి వచ్చింది. పాప పెదవులు వాచిపోయి ఉన్నాయి. మొహమంతా దద్దుర్లు. ఆవిడ భుజం మీదే వాంతి చేసుకుంది.

అప్పుడు మాత్రం నాకు ఏ భాషా రాలేదు. పాపని గుండెకి హత్తుకుని రిక్షా ఎక్కాను. చాచీ కూడా ఎక్కింది. డాక్టరు వెంటనే ఇంజెక్షను ఇచ్చి, మమ్మల్ని అక్కడే కూర్చోబెట్టి కనిపెట్టి చూశాడు. మెల్లగా వాపు తగ్గింది. పాప ఆయన స్టెతస్కోపు పట్టుకు లాగుతుంటే నా ప్రాణం తిరిగొచ్చింది. ఈలోగా కబురందుకుని సుగుణ బడి నుంచి వచ్చేసింది.

పాలు ఎవరు పట్టారని డాక్టరు అడిగాడు.

"మైనే పిలాయా, డాక్టర్ సాబ్" అంది చాచీ. "క్యా కర్తీ? బచ్చీ కా సారా దూధ్ తో ఇస్‌కా బాప్ పీ జాతా హై."

నేనే పట్టాను, పిల్ల పాలన్నీ వీళ్ళ నాన్నే తాగేస్తుంటే ఏం చెయ్యను అని. అక్కడున్న తల్లులందరూ తలలు తిప్పి నా పొట్ట చూశారు.

"ఏటండీ, ఈళ్ళకేటి సెప్పారు?" అంది సుగుణ. కోపం ముంచుకొస్తే ఆవిడ నోట పుట్టింటి మాట వచ్చేస్తుంది. నా వాక్యం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను. డాక్టరు పైకప్పు కేసి చూశాడు. కాంపౌండరు నవ్వడానికి లోపలికి వెళ్ళాడు. పాలంటే పాపకి విషంతో సమానమని సుగుణ రెండు ముక్కల్లో చెప్పేసరికి, చాచీ పాపని ఒళ్ళోకి తీసుకుని భోరుమంది. ఆ తరవాత మా గుమ్మంలోకి పేడా తెచ్చే సాహసం ఎవరూ చెయ్యలేదు. చాచీ అక్కడే కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేది.

ఇంత చేశాక క్షమాపణ చెప్పుకోవడం ధర్మం. మర్నాడు సుగుణకి చెప్పకుండా చాచీ ఎదుట నిలబడి, చేతులు జోడించి, "గల్తీ హో గయీ, చాచీజీ. మైనే మాఫ్ కియా" అన్నాను.

చాచీ గోడ మీంచి సుగుణని కేకేసింది. నీ మొగుడు నన్ను క్షమించేశాడమ్మా, ఇక నాకు దిగుల్లేదు అని చెప్పింది.

ఆ క్షణాన పాప నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేయబోయి, ఆ పిల్ల ఇప్పటికే నా వల్ల చాలా భరించిందని ఆగి, నా నెత్తినే పెట్టుకుని శపథం చేశాను. ఇకపై పాప తిండి గురించి ఏ మాట చెప్పాలన్నా, ఏ భాషలోనైనా సరే, సుగుణే చెబుతుంది. నేను పక్కన నిలబడి తల ఊపుతాను. అదీ ఆవిడ ఎటు ఊపమంటే అటే.